జాతర ఫ్లెక్సీ మీద గుండ్రటి మూలలు

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో ఏటా జరిగే కొత్తమ్మతల్లి జాతరకు స్వాగతం పలికే ఫ్లెక్సీల మీద అమ్మవారి చిత్రం చుట్టూ తిరిగే వలయం గానీ, పేర్లు అచ్చువేసే గుండ్రటి మూలల పెట్టె గానీ ఫొటోషాప్, కోరల్‌డ్రా వంటి సాఫ్ట్‌వేర్లలో మౌస్‌ను ఒక్కసారి లాగితే ఏర్పడేవే. ఇలా ఆకారాలు గీసిపెట్టే పనిముట్లను షేప్ టూల్స్ అంటారు. ఫ్లెక్సీలు రాకముందు గుడ్డ బ్యానర్ల మీద, గోడల మీద రాసిన పెయింటర్లు మేకుకు దారం కట్టి వలయం తిప్పేవారు, సుద్దపొడి పట్టించిన దారాన్ని బిగలాగి మీటి తిన్నని గీత వేసుకునేవారు; చేతికి అలవడిన ఆ విద్యను కంప్యూటర్‌కు నేర్పడానికి మాత్రం చాలా గణితం అవసరమైంది.

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌లో కాంతికలంతో తెరను తాకి గీతలు, వలయాలు గీయగలిగేవారు. అయితే ఈ విద్య సామాన్యుల చేతికి రావడానికి బాటవేసినవాడు యాపిల్ సంస్థకు చెందిన బిల్ అట్కిన్సన్. 1981 నాటి ఆయన కంప్యూటర్‌కు దశాంశాల లెక్క, వర్గమూలాల లెక్క భారమైనవి కాబట్టి, 1తో మొదలయ్యే వరుస బేసిసంఖ్యల మొత్తం ఎప్పుడూ వర్గసంఖ్యే అవుతుందన్న సూత్రాన్ని (1, 3 కలిస్తే 4, 1, 3, 5 కలిస్తే 9) ఆధారం చేసుకుని, కేవలం కూడికలతోనే వలయాలను చకచకా గీయించాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రచించగా పావులూరి మల్లన తెలుగు చేసిన గణితసార సంగ్రహం వంటి గ్రంథాల్లో శ్రేఢుల గణితం చదివినవారికి ఈ సూత్రం చిరపరిచితమే. వలయాలతోనే తృప్తిపడని యాపిల్‌కు చెందిన స్టీవ్ జాబ్స్ మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం కూడా కావాలని పట్టుబట్టి, అట్కిన్సన్‌ను వీధిలోకి తీసుకువెళ్లి అటువంటి ఆకారం ఎక్కడెక్కడ ఉందో చూపించగా, మరునాటికల్లా అదీ సిద్ధమైంది. 1984లో మాకింటోష్ కంప్యూటర్‌తో వచ్చిన మాక్‌పెయింట్ అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ పనిముట్ల వరుసలో ఆ ఆకారం చోటుచేసుకుంది.

మాక్‌పెయింట్ వలయానికి ఒక పరిమితి ఉండేది: గీయడం పూర్తికాగానే అది పిక్సెళ్లుగా, అంటే తెర మీది చిన్నచిన్న చుక్కలుగా స్థిరపడిపోయేది. ఫ్లెక్సీ పనిలో ఈ పరిమితి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అంగుళానికి 72 చుక్కల లెక్కన 10 అడుగుల వెడల్పు ఫ్లెక్సీకి 8,640 చుక్కలు కావాలి. 600 చుక్కల వెడల్పున్న చిత్రాన్ని అంతకు సాగదీస్తే ఒక్కో చుక్క సుమారు 5 మిల్లీమీటర్ల గడిగా మారి, వలయం అంచు మెట్లుమెట్లుగానో మసకగానో తేలుతుంది. దీనికి విరుగుడు వెక్టర్ పద్ధతి, అంటే చుక్కలను కాక ఆకారాన్ని నిర్ణయించే బిందువులను, సూత్రాన్ని దాచుకోవడం. ఫ్రాన్స్‌లో కార్ల రూపకల్పన కోసం సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియే వేర్వేరుగా కనుగొన్న వక్రరేఖలే దీనికి పునాది. వెక్టర్ సాఫ్ట్‌వేర్లో సాధారణంగా వలయం నాలుగు బెజియే వక్రాల కూర్పే; నిజమైన వృత్తానికీ దానికీ ఉన్న తేడా వ్యాసార్ధంలో 0.03 శాతం కూడా ఉండదు. సున్నాతో మొదలుకొని ఒంపులే ప్రాణంగా ఉన్న తెలుగు అక్షరాలు కంప్యూటర్ ఫాంట్లలో నిలిచింది కూడా ఇటువంటి వక్రాల మీదే.

1990లో విడుదలైన ఫొటోషాప్ ప్రధానంగా చుక్కల చిత్రాల కోసం పుట్టింది కాబట్టి, వెక్టర్ షేప్ టూల్స్ అందులోకి 2000 నాటి ఆరో వెర్షన్‌తో గానీ రాలేదు. షిఫ్ట్ మీట నొక్కిపట్టి లాగితే దీర్ఘవృత్తం సమవృత్తమవుతుంది, దీర్ఘచతురస్రం చతురస్రమవుతుంది. గీసిన ఆకారం ఎన్నిసార్లు పెంచినా తగ్గించినా అంచు చెడదు. ముద్రణకు పంపేటప్పుడు పొరలన్నీ (లేయర్లన్నీ) కలిపేసి, చుక్కల చిత్రమైన జేపెగ్ ఒక్కటే మిగుల్చుకునే అలవాటు ఈ సౌకర్యాన్నంతటినీ వృథా చేస్తుంది. పొరలతో కూడిన అసలు ఫైలును విడిగా భద్రపరచుకున్న డిజైనర్‌కు వచ్చే ఏడాది జాతర నాటికి తేదీలు, పేర్లు మార్చి, కొత్త కొలతకు పెట్టెను సాగదీసుకుంటే సరిపోతుంది.