అస్తరు

వస్త్రమును గూర్చి మాటలాడువారందఱును దాని రంగును, అంచును, జరీని పొగడుదురు. లోపల శరీరము నంటియుండు అస్తరును పొగడినవారిని మేమెఱుగము. ఈ కన్పడని గుడ్డ చరిత్రను కొంత విచారించినచో మన యాచారములలోని యొక యన్యాయము గూడ బయటపడునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కుట్టిన బట్ట తురుష్కులతో వచ్చినదనియు, అంతకు బూర్వము మనవారు ధోవతులను, ఉత్తరీయములను మాత్రమే యెఱుగుదురనియు గొందఱు పెద్దలు చెప్పుచుందురు. కాని అమరకోశమును వల్లించిన బాలుడైనను దీనికి బదులు చెప్పగలడు. అందు కంచుకము, వారబాణము, చోలము, కూర్పాసకము అను తొడుగుల పేళ్లున్నవి; కుట్టువానికి తున్నవాయుడు, సౌచికుడు అను రెండు పేళ్లున్నవి. 7వ శతాబ్దమున బాణభట్టు హర్షచరితమున రాజుల యుడుపులను వర్ణించుచు చీనచోలకమును గూడ పేర్కొనెను. ఆ పేరే పరదేశసంబంధమును చాటుచున్నది. కావున కుట్టుబట్ట కేవలము పరాయిదియు గాదు. పరాయివారి సంపర్కము లేనిదియు గాదు.

ఇక మన గోదావరీతీరమునకు వత్తము. రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల నాశ్రయించిన శ్రీనాథుడు 15వ శతాబ్దపు పూర్వార్ధమున కర్ణాటరాజదర్శనమునకై కుళ్ళాయిని, పెద్ద కూర్పాసమును ధరించెనని ఆయన పేర వాడుకలోనున్న చాటుపద్యము తెలుపుచున్నది. కుళ్ళాయి పారసీకపదభవము, కూర్పాసము సంస్కృతము. రెండును ఒక తెలుగుకవి మేనిపై గలిసినవి. 16వ శతాబ్దపు లేపాక్షి చిత్రములలో విరూపణ్ణయు నాతని పరివారమును పొడవైన కుళ్ళాయిలతో, తెల్లని నిలువుటంగీలతో దేవుని కొలుచుచున్నారు. ఆ వేషమున వచ్చిరని దేవుడు వారిని వెలివేయలేదు.

1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేయిసు అచటి రౌతుల పొరలంగీలను వర్ణించెను. పైకి జరీబట్ట, ముఖమలు, పట్టు. లోన గట్టి పచ్చితోలు పొరలు, లోహపు రేకులు. పైపొర చూపఱుల కన్నులకు, లోపొర తొడిగినవాని ప్రాణమునకు.

అస్తరు కుట్టు విధము సులభముగ గ్రహింపవచ్చును. పైబట్టను కత్తిరించిన కొలతకే నూలుగుడ్డను గూడ కత్తిరింతురు. రెండింటి కుట్లును ఎదురెదురుగ లోపలికి మడచినచో పోగులూడు అంచులు నడుమ దాగిపోవును. జరీబట్ట వెనుక వ్రేలాడు పోగులు మేనిని గీరవు. చెమట విలువగల బట్టకు తగులదు. అస్తరు చిరిగినచో విప్పి క్రొత్తది వేయవచ్చును. చలికైనచో నడుమ దూది పఱచి, అది యొకచోటికి జాఱకుండ వరుసవరుసలుగ సూది నడుపుదురు. పట్టిసీమ ప్రాంతపు ఇండ్లలో అవ్వలు పాతచీరలను పొరలుగ పఱచి బొంత కుట్టునపుడు చేయునదియు నీ విద్యయే. దానిని విద్యయని యెవ్వరు నననందున వారును అట్లనుకొనలేదు.

అస్తరు అను మాటయు పారసీకమే. అది మన యింటిమాటయై చాలకాలమైనది. మాటను లోనికి రానిచ్చితిమి, గుడ్డను మేనికి తగులనిచ్చితిమి, కుట్టినవానినో? మనుస్మృతి నాల్గవ యధ్యాయము తున్నవాయుని యన్నము తినరాదని శాసించుచున్నది. శాస్త్రము చెప్పినదని కుట్టువాని పంక్తిలో కూర్చుండుటకు సంకోచించిన వారు ఆతడు కుట్టిన చొక్కాను మాత్రము సంకోచింపక తొడిగిరి. ఆతని చేతికుట్టు మన ఱొమ్మున నానియుండగా ఆతని చేతియన్నము మనకేల దూరము కావలెను?

పెండ్లికి క్రొత్తబట్టలు కుట్టించు గృహస్థులొకసారి వానిని తిరుగవేసి చూతురుగాక. లోపలి కుట్టు తిన్నగ నున్నచో ఆ పని చేసినవానిని పంక్తికి పిలుచుట న్యాయము.