నీలం చీటీ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో ఫెడరల్ జడ్జీల పేర్లు ప్రతిపాదించేది అధ్యక్షుడు, ఆమోదముద్ర వేసేది సెనేట్. రాజ్యాంగం చెప్పింది అంతవరకే. అయితే పేరు సెనేట్‌కు చేరాక, ఖాళీ ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లకు జ్యుడీషియరీ కమిటీ నుంచి నీలం రంగు కాగితం ఒకటి వెళ్తుంది. ఈ మనిషి మీకు సమ్మతమేనా అని అడిగే ఆ కాగితమే బ్లూ స్లిప్. రాజ్యాంగంలో గానీ, చట్టంలో గానీ దాని ఊసు లేదు. అయినా వందేళ్లకు పైబడి అది ఎందరినో జడ్జి కుర్చీ దాకా రానివ్వలేదు.

దీని మూలాలు 1789లో ఉన్నాయి. సవానా రేవులో సుంకాల పదవికి జార్జ్ వాషింగ్టన్ బెంజమిన్ ఫిష్‌బోర్న్ పేరు పంపితే, జార్జియా సెనేటర్లకు గిట్టలేదని సెనేట్ తోసిపుచ్చింది. నొచ్చుకుంటూనే వాషింగ్టన్ మరో పేరు పంపారు. సొంత రాష్ట్రపు సెనేటర్ మాట దాటకూడదన్న ఆనవాయితీకి అదే నాంది.

అది కాగితం మీదికెక్కింది 1917 ప్రాంతంలో, టెక్సస్ సెనేటర్ చార్ల్స్ కల్బర్‌సన్ కమిటీ ఛైర్మన్‌గా ఉన్న రోజుల్లో. దొరికిన చీటీల్లో అతి పాతదీ జార్జియాదే. ఒక జిల్లా జడ్జి నియామకం తనకు వ్యక్తిగతంగా అభ్యంతరకరమని సెనేటర్ థామస్ హార్డ్‌విక్ దాని మీద రాశారు. అంతమాత్రాన ఆ పేరు సొరుగులో ఉండిపోలేదు. కమిటీ వ్యతిరేక నివేదిక ఇచ్చింది, సెనేట్ తిరస్కరించింది. కాదన్నా నలుగురిలోనే కాదన్నారు.

ఆ పద్ధతి మారింది మిసిసిపీ సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌ల్యాండ్ చేతిలో. 1956 నుంచి 1978 దాకా ఛైర్మన్ ఆయనే. నల్లవాళ్లు, తెల్లవాళ్లు వేరువేరుగానే బతకాలని బాహాటంగా వాదించిన మనిషి. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చాక, దాన్ని దక్షిణాదిలో అమలు చేయించాల్సింది అక్కడి ఫెడరల్ జడ్జీలే. సరిగ్గా ఆ కాలంలోనే, సెనేటర్ చీటీ తిప్పి పంపకపోతే చాలు, నియామకం అక్కడితో ఆగిపోవడం మొదలైంది. కారణం చెప్పక్కర్లేదు, ఓటూ అక్కర్లేదు. ఈ రెండూ కాకతాళీయంగా కలిసొచ్చాయంటే నేను నమ్మను.

ఆ మౌనం ఖరీదేమిటో తెలియాలంటే జేమ్స్ విన్ కథ చూడాలి. నార్త్ కరోలినా అప్పీలు కోర్టులో జడ్జిగా ఉన్న ఈ నల్లజాతీయుణ్ణి క్లింటన్ 1999లో నాలుగో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టుకు ప్రతిపాదించారు. అప్పటివరకు ఆ కోర్టులో నల్లజాతి జడ్జి ఒక్కరూ లేరు. సెనేటర్ జెస్సీ హెల్మ్స్ చీటీ పంపలేదు. ఆ కోర్టుకు కొత్త జడ్జీలు అవసరమే లేదన్నది ఆయన వాదన. తన మాజీ సహాయకుడు టెరెన్స్ బాయిల్ నామినేషన్‌ను అంతకుముందు డెమోక్రాట్లు మురగబెట్టారన్న కోపమూ ఉంది. రెండు పార్టీల పంతాల మధ్య విన్‌కు విచారణ కూడా దక్కలేదు. చివరికి ఒబామా మళ్లీ ఆయన పేరు పంపితే, 2010 ఆగస్టులో సెనేట్ ఆమోదించింది. మధ్యలో పదకొండేళ్లు పోయాయి.

అదే రాష్ట్రపు తూర్పు జిల్లా ఫెడరల్ కోర్టులో 2005 చివర్లో ఖాళీ అయిన కుర్చీ 2019 డిసెంబరు దాకా నిండలేదు. 2013లో ఒబామా పంపిన నల్లజాతి మహిళ పేరు సెనేటర్ రిచర్డ్ బర్ చీటీ పంపక ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆ కేసుల బరువు మోసింది మిగిలిన జడ్జీలు. వాయిదాల కోసం ఎదురుచూసింది మామూలు కక్షిదారులు. నష్టపోయినవాళ్లు వీళ్లేనని గట్టిగా చెప్పాలి.

అప్పీలు కోర్టుల మీద చీటీ పట్టు సడలింది ఈమధ్యే. మిన్నెసోటా సెనేటర్ ఆల్ ఫ్రాంకెన్ చీటీ ఇవ్వకపోయినా, ఛైర్మన్ చక్ గ్రాస్లీ డేవిడ్ స్ట్రాస్ పేరు మీద విచారణ జరిపించారు. 2018 జనవరిలో సెనేట్ ఆయన్ను ఎనిమిదో సర్క్యూట్‌కు ఆమోదించింది. తర్వాత ఛైర్మన్ అయిన డెమోక్రాట్ డిక్ డర్బిన్ కూడా అప్పీలు కోర్టులకు చీటీ అడగలేదు, జిల్లా కోర్టులకు మాత్రం ఉంచారు. 2025లో అదీ ఎత్తేయమని ట్రంప్ బహిరంగంగా ఒత్తిడి తెచ్చారు. మళ్లీ ఛైర్మన్ అయిన గ్రాస్లీ ఆయన పార్టీవారే అయినా ఒప్పుకోలేదు. చీటీ రానివాళ్లకు సెనేట్‌లో నెగ్గేన్ని ఓట్లే పడవన్నారు.