పనికన్నా ఆటే పెద్దది!

మాదాపూర్‌కి కంప్యూటర్ల కన్నా ముందు ఆటవిడుపు వచ్చిందంటే నమ్ముతారా? శిల్పారామం వెలసింది 1992లో. ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించింది 1998లో. పనికన్నా ఆటే ఆరేళ్ళు పెద్దదన్నమాట!

అంతకుముందు ఇక్కడి పిల్లలకి బండరాళ్ళే జారుడుబల్లలు. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి ఆ రాళ్ళని చాలామటుకు పిండిచేసి మేడలు లేపాం. ఇప్పుడా మేడల్లోనే, ఏసీ చల్లదనంలో, ప్లాస్టిక్ కొండలు పేర్చి, గంటకింతని డబ్బు కట్టి పిల్లల్ని ఎక్కిస్తున్నాం. మండుటెండల్లో అదీ నయమే, కాదనను.

శిల్పారామానికీ టిక్కెట్టుందిలెండి. కానీ లోపల చెట్లున్నాయి, కొన్ని బండలూ మిగిలాయి. ఈ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి, ఆ రాళ్ళ వయసెంతో చెప్పి కూర్చోబెట్టండి. తాతముత్తాతల ఒళ్ళో కూర్చున్నట్టు మురిసిపోతారు.