సఫారీ

ఎదురుమొండి దాపుల మడ అడవుల్లో పడవేసుకుని నీటిపిల్లి జాడ వెతికితే ఇప్పుడది ‘సఫారీ’. మా గుడివాడ వైపు పెద్దాళ్లకు మాత్రం సఫారీ అంటే పెళ్లిలో మామగారు వేసుకునే నాలుగు జేబుల పొట్టిచేతుల సూటే! అరబ్బీలో ‘సఫర్’ ప్రయాణం. ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా చేరి, స్వాహిలీలో ‘సఫారి’ అయింది; అక్కడ చుట్టాలను చూడ్డానికి ఊరెళ్లినా సఫారీయే. సింహాన్నీ ఏనుగునీ తగిలించింది తెల్ల వేటగాళ్లు. ఆ ధాతువే ఉర్దూ దారిన ‘ముసాఫిరు’ (బాటసారి), ‘ముసాఫిర్‌ఖానా’ (సత్రం) అంటూ మనకు ఎప్పుడో వచ్చేసింది. గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నాన్ని మనం పిలుచుకునే ‘బందరు’ కూడా అలా బయటినుంచి వచ్చిన మాటే, పారశీకంలో ఓడరేవని అర్థం. కాబట్టి హంసలదీవి ఏటిగట్టున ‘సఫారీ లాడ్జి’ కట్టేవారు బోర్డుమీద ‘ముసాఫిర్‌ఖానా’ అని రాసుకున్నా తప్పులేదు, అద్దె మాత్రం సగం కూడా రాదు.