శిలాక్షర రక్షణ

మూసీనదికి జన్మస్థానమైన వికారాబాదు అనంతగిరిపై శ్రీ అనంతపద్మనాభస్వామిని సేవించి, తాండూరు బండలు పరచిన ముంగిళ్ళలో మసలే మనకు శిలతో అనుబంధం క్రొత్తది కాదు. దేవునికిచ్చిన మాన్యాలను, నిలిపిన అఖండదీపాలను మన పెద్దలు శిలపైననే చెక్కించారు.

ఈ సీమ నిజాం రాజ్యంలో ఉన్నపుడు, 1914లో గులాం యాజ్దానీ సంచాలకుడుగా అక్కడ పురావస్తు శాఖ ఏర్పడింది. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించింది. ఆనాటి పద్ధతి ఏమి? తడి కాగితాన్ని రాతికి అదిమి, పైన సిరా అద్ది, అక్షరాలకు నకలు తీయడం. రాయి బాగా అరిగితే అక్షరం సిరాకు అందదు.

నేడు అందుకు కంప్యూటరు తోడైంది. స్కానరు రాతిని తాకకుండానే, కాంతితో లక్షలాది బిందువుల ఎత్తుపల్లాలను కొలుస్తుంది. పలువైపుల నుండి తీసిన ఆ కొలతలను కంప్యూటరు ఒకే రూపంగా కూర్చి, రంగును, మరకలను విడిచి, ప్రక్కనుండి దీపం పట్టినట్లు నీడలు కల్పిస్తుంది. అప్పుడు కంటికి ఆనని గీత అక్షరమై గోచరిస్తుంది. పొరుగున బెంగళూరులో మిథిక్ సొసైటీ 2021లో ఇట్టి శాసనరక్షణకు పూనుకొన్నది.

అయితే యంత్రం ఉన్న గీతనే చూపగలదు. చెక్కివేసినదానిని తిరిగి తేలేదు. జీర్ణోద్ధరణ పేరిట శాసనాన్ని నునుపు చేయడం, సున్నంతో కప్పడం దాత సంకల్పాన్ని చెరపడమే. మీ గ్రామాలయంలో అక్షరాల రాయి కనిపిస్తే పురావస్తు శాఖకు తెలపండి. దానిని కాపాడడమూ దైవసేవయే. స్వస్తి.