కాంపర్ వ్యాన్ మార్పిడి

కాంపర్ వ్యాన్ మార్పిడి అంటే సరుకు రవాణాకో ప్రయాణికులకో తయారైన వ్యాన్ లోపలి భాగాన్ని పడక, వంట, నీరు, విద్యుత్ వసతులతో సంచార నివాసంగా మలచడం. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1950వ దశకం నుంచి ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లను ఇలా మార్చి విక్రయించడంతో ఈ విధానం ప్రాచుర్యం పొందింది. తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ ఎన్.టి. రామారావు 1982లో పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి రూపొందించిన ‘చైతన్య రథం’. కుమారుడు హరికృష్ణ నడిపిన ఆ వాహనం 1983 జనవరి శాసనసభ ఎన్నికల దాకా తెలుగుదేశం పార్టీ ప్రచార వేదికగా, విశ్రాంతి స్థలంగా ఉపయోగపడింది.

ప్రణాళికలో కీలకమైనది బరువు లెక్క. తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు పరిమితి నుంచి ఖాళీ వాహనం, ప్రయాణికుల బరువు తీసివేయగా మిగిలిన దానిలోనే చెక్కపని, బ్యాటరీ, నీరు, సామాను ఇమడాలి; 60 లీటర్ల నీరే 60 కిలోలు తూగుతుంది. విద్యుత్తును వాట్-అవర్లలో, అంటే వాట్లను గంటలతో గుణించి, లెక్కిస్తారు: 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సామర్థ్యం 1,200 వాట్-అవర్లు కాగా, 30 వాట్ల ఫ్యాన్ 8 గంటలు తిరిగితే 240 వాట్-అవర్లు ఖర్చవుతాయి. మంచిర్యాల జిల్లాలోని నస్పూర్ వంటి సింగరేణి గనుల ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది కనుక పైకప్పు కింద ఉష్ణనిరోధక పొర, గాలి ప్రసరణ, బొగ్గు ధూళిని ఆపే రబ్బరు పట్టీలు ప్రధానమవుతాయి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు మూల వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ పొంతన తప్పే మార్పులను నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను సమర్థించింది. అందువల్ల రవాణా శాఖ ఆమోదం పొందడం ప్రణాళికలో తొలిదశగా పరిగణించబడుతుంది.