వెయ్యి కోట్ల లెక్క, స్మోల్యాక్ చిన్న వ్యాసం

ఇంటర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా చదవండి, ఇది మ్యాథ్స్ చరిత్రే గానీ కష్టం కాదు.

నేల కింద మురికి నీళ్లు తాగే బావి వైపు వస్తాయా, రావా? కంప్యూటర్ లెక్కలో మట్టి, రాయి, వాన లాంటివి పది విలువలు సరిగ్గా తెలియవు అనుకోండి. అప్పుడు ఒక్క జవాబు చాలదు, ఎంత అటూ ఇటూ అవుతుందో కూడా చెప్పాలి. ఒక్కోదానికి 10 విలువలు పెట్టి చూస్తే రెండింటికి 100 లెక్కలు, మూడింటికి 1000, పదింటికి వెయ్యి కోట్లు! అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ 1957లో దీన్నే ‘డైమెన్షన్ల శాపం’ అన్నాడు. కొత్త కంప్యూటర్ కొంటే తీరే బాధ కాదిది. ఇంకో విలువ కలిస్తే మళ్లీ పదింతలు.

1963లో సోవియట్ యూనియన్‌లో సెర్గీ స్మోల్యాక్ ఒక చిన్న వ్యాసంలో దారి చూపాడు. అన్ని దిక్కుల్లో ఒకేసారి దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టక్కర్లేదు. ఒక దిక్కున దగ్గరగా పెడితే మిగతా దిక్కుల్లో దూరంగా పెట్టాలి. అలాంటి గడులు కొన్నిటిని కూడికలు, తీసివేతలతో కలపాలి. 31 × 31 గడిలో 961 చుక్కలుంటే, ఇక్కడ 129 చాలు. కచ్చితత్వం కొంచెమే తగ్గుతుంది.

1990 ప్రాంతంలో మ్యూనిక్‌లో క్రిస్టోఫ్ జెంగర్ ఇదే ఆలోచనను సమీకరణాల సాధనకు వాడి ‘స్పార్స్ గ్రిడ్’ అన్నాడు. పేరు పడ్డాకే ఎక్కువమంది పట్టించుకున్నారని నాకనిపిస్తుంది. 2000 తర్వాత అనిశ్చితి లెక్కల్లో దీని వాడకం బాగా పెరిగింది.

షరతు ఒకటుంది. ఫలితం నున్నగా మారుతూ పోవాలి. గట్టు తెగినట్టు ఒక్కసారిగా పడిపోతే పలుచని చుక్కలు దాన్ని పట్టుకోలేవు. అందుకే మార్పు ఎక్కువున్న చోటే కొత్త చుక్కలు చేర్చే పద్ధతులు తర్వాత వచ్చాయి.